తిరిగి వెళ్ళే చిరునామా

రోహుకూలా రేవులో జనవరి మధ్యాహ్నం మూడయితే
వెలుగు మూట సర్దుకోవడం మొదలుపెడుతుంది.
కిటికీ అవతల పడవ నోరు తెరుచుకుని ఆగిపోయింది.
మూయదు.
డెక్కు మీద మైనస్ రెండు టన్నులున్నాయట.

మైనస్ రెండు.
వరసలో కార్లు ఇంజన్లు ఆపేసుకున్నాయి,
లోపలి నుంచి పిల్లలు అద్దాల ఆవిరి మీద బొమ్మలు గీస్తున్నారు.
కెప్టెన్ వాంబోలా ఫోనులో ఒకటే అడిగాడు:
"లేనిది ఎట్లా తూగింది?"

తూచే ఫంక్షన్ చిన్నది, పదకొండు లైన్లు.
ఇచ్చింది కలుపుతుంది, మొత్తం చెబుతుంది.
దాన్ని అనడమంటే తక్కెడను తిట్టడమే.
పిలవని పేరంటానికి రాలేదది,
ఎవరో పిలిచి
ఊరూ పేరూ లేని ఆ మైనస్ రెండును చేతిలో పెట్టారు.
పిలిచే చోట్లు నలభై ఒకటి.
ఒక్కటీ నేను కాదు అనదు, నేనే అని కూడా అనదు.

అందుకని దాని కడుపులోనే ఒక ప్రశ్న రాశాను:
సున్నాకు దిగువన ఏదొచ్చినా
అక్కడే ఆగి, నీ కింద ఎవరెవరు నిలబడి ఉన్నారో
పేరు పేరునా చదువు.

మెట్లెక్కుతూ మెట్లు లెక్కపెట్టడం లాంటిది ఇది.
లెక్కపెట్టేవాడూ ఏదో ఒక మెట్టు మీదే ఉంటాడు:
అన్నిటికన్నా పైన కనబడింది
నా ప్రశ్నే.
దాని కింద తూచేది.
దాని కింద వరస నడిపేది, రెండు వందల ఆరో లైను దగ్గర
ఎత్తిన చెయ్యి దించకుండా.
తర్వాత టికెట్లు, గడియారం,
అట్టడుగున మెయిన్,
పొద్దున ఐదింటికి అందరినీ లేపి పంపి
అప్పటినుంచీ వాకిట్లోనే ఉంది పాపం,
ఎవరో ఒకరొచ్చి అయిపోయిందని చెబుతారని.

రెండు వందల ఆరో లైను తెరిచి చూశాను.
అక్కడ తూచేదాని ఊసే లేదు.
ఈ ఇద్దరికీ ముఖపరిచయం కూడా లేదు.
మధ్యలో ఒకరుండాలి.
లేరు.

ఈ ప్రోగ్రాములో సగం కాల్యో చేతిరాత.
రిటైరై ద్వీపం మీదే ఉంటున్నాడు.
ఫోను చేస్తే ముందు గాలి పలికింది,
మంచుకు బెజ్జం చేసుకుని గాలం వేసుకు కూర్చున్నాడు.
"స్టాకును చరిత్ర అనుకున్నావా?" అన్నాడు.
"ఎవరు పంపారో అది రాసుకోదు,
ఎక్కడికి తిరిగి వెళ్ళాలో రాసుకుంటుంది.
పిలవడమే ఆఖరి పని అయినవాడికి
తిరిగొచ్చి చెయ్యడానికి ఏముంది?
కంపైలర్ వాడి కుర్చీ లాగి
వచ్చినవాడికి వేస్తుంది.
ఉంటా, ఏదో కొరికింది."

వెతికితే దొరికింది: టికెట్లు రద్దు చేసేది.
ఆరే లైన్లు, ఆరోదాంట్లో తూచేదాన్ని పిలిచి
చేతులు దులుపుకుని పోయింది.
నేను ఏడోది కలిపాను:
తిరిగొచ్చాక లాగులో ఒక చుక్క పెట్టు, అని.
ఎవరూ చదవని చుక్క.
వెనక్కి రావడానికి ఒక వంక.

మళ్ళీ నడిపితే, ఆ ఖాళీలో, అదిగో,
తప్పిపోయిన పిల్లలా దాని పేరు.
చేతిలో టికెట్టు: రొట్టెల వ్యాను, రెండు టన్నులు,
డ్రైవర్ ఐవార్ తామ్‌సాల్, ఎక్కకముందే రద్దు.
కారణం: ఇవాళ మంచు దారి తెరిచారు.

ఎక్కని వ్యానును దించేశాం మేము.

ఒక పోలిక రాస్తే సరిపోయింది. పడవ నోరు మూసుకుంది.
కోటు వేసుకుని రేవు చివరిదాకా నడిచాను.
సముద్రం మీద దేవదారు రెమ్మలు పాతిన దారి,
మొదట్లో బోర్డు: బెల్టు పెట్టుకోవద్దు.
మంచు విరిగితే దూకాలి కదా.
దూరంగా రెండు ఎర్ర దీపాలు
ద్వీపం వైపు మెల్లగా,
వెనక టైరు గుర్తుల మీద
గాలి అప్పుడే పొడి మంచు చిమ్ముతోంది.

ఆ ఏడో లైను తీసెయ్యమని మరునాడు అడిగారు, అనవసరమని.
తీస్తానన్నాను.
ఇంకా తీయలేదు.