ఖాళీ గడి

కావలి ట్రైనింగులో మూడోరోజు.
ఇంగ్లీషు మాట్లాడించే పాఠానికి
స్కేలు పెట్టి గళ్లు గీశాను.
టీచరు గడి నిండి
అంచు దాటింది.
పిల్లల గడిలో
వింటారు, వింటారు,
మళ్లీ వింటారు.

ఖాజావలి సారు ఏమీ అనలేదు.
ఆ మూడింటికీ ఎర్రసున్నాలు చుట్టి
టీకి వెళ్లాడు.

ఆదివారం అమ్మ గంప కాడ
కానాగంతలకి పది తగ్గించమంటే
వీధి చివరికి వినబడేలా కసిరే పెంచలప్రియ
నా క్లాసులో నాలుగు నెలలుగా
ఎస్ టీచర్.

నా మాటలు కొట్టేసుకుంటూ పోయాను.
పన్నెండు నిమిషాలు మిగిలాయి.
ఆ గంప తెచ్చి అక్కడ పెట్టాను.
అమ్మేది తను, కొనేది నేను.
తన గడిలో ఏమీ రాయలేదు.
ఏమంటుందో నాకేం తెలుసు?

అల్లూరు బస్సులో
కిటికీకేసి తిరిగి
హౌ మచ్ అన్నాను, గొణిగినట్టు.
పక్కసీటావిడ
ఏందిమే అంది.