పైనుంచి కిందికి

ఎంక్‌హౌజెన్ ఊళ్ళో ఇప్పుడు
చేతినిండా పని ఉన్నది నాకొక్కడికే.
ఇళ్ళు కూలుస్తాను.
పేరు మెయ్‌నెర్ట్. మా తాత తాపీ మేస్త్రి.
ఆయన అతికినవన్నీ నేను ఊడదీస్తున్నానని
మా ఆవిడ దియువర్ ఎత్తిపొడుస్తుంది గానీ
ఆ కూలితో వచ్చిన రొట్టె వద్దనదు.

కట్టడం కిందినుంచి, కూల్చడం పైనుంచి.
అంచేత నాకీ దేశం కథ
తలకిందులుగానే తెలుసు.

ముందుగోడ నెత్తిన రాతిలో చెక్కిన ఓడ.
చాపలు మూడూ ఉబ్బి ఉన్నాయి,
నూటయాభై ఏళ్ళుగా అదే గాలి.
తాడు కట్టి దించుతుంటే
వీధిలో ఒక ముసలాయన టోపీ తీశాడు.
వీధి అన్నానా? గడ్డి.
ఆయన మేక అక్కడే మేస్తోంది.

అటక మీద మిరియాల వాసన.
పలకల సందులో ఒక జాజికాయ దొరికింది,
గీకి చూశాను, ఘాటు చావలేదు.
అది కాసిన దీవిలో మనుషులేమయ్యారో
మా నాన్న ఒకసారి నోరు జారాడు.
తర్వాత ఎప్పుడడిగినా
పైపు వెలిగించుకునేవాడు.

పై అంతస్తులో ఆఖరి యజమాని.
ఓడ లేదు, వల లేదు,
వేలి గోటికి తారు అంటింది లేదు.
విగ్గు ఉండేది. కాగితాలుండేవి,
లండన్‌కు అప్పిచ్చిన కాగితాలు.
ఆవు లేకుండా పాలు వచ్చినట్టు
ఏడాదికి రెండుసార్లు వడ్డీ.
ఆ డబ్బుతో వాళ్ళు ఫిరంగులు పోశారు,
ఆ ఫిరంగులతో మా ఓడలు పట్టారు.
ఇది నా తెలివి కాదు,
సారాకొట్లో ప్రతివాడూ అనేదే.

తోలు అలంకారం చీలిస్తే వెనక గుడ్డ,
కోరమాండల్ తీరపు అద్దకం.
పువ్వులు ఇవాళ పూసినంత ఎరుపు.
దియువర్ చెంపకు ఆనించుకుని అంది:
"ఎవరి వేళ్ళో, పాపం, ఎంతిచ్చారో."

దాని కింద బోలుగా మోగిన ఇటుక.
నాలుగు దిక్కులా శత్రువులొచ్చిన ఏడు,
మా పొలాలు మేమే ముంచుకున్న ఏడు,
ఎవరో భయపడి పెట్టిన కుండ.
కుండ ఉంది.

నేలగదికి వచ్చేసరికి నాకే మాట తగ్గింది.
రాళ్ళు ఇంకా ఉప్పు కక్కుతున్నాయి.
పొట్ట చీల్చి, ఉప్పు చల్లి, పీపాలో పరిచిన హెరింగ్ చేప.
పైనున్న వెండంతా దాని పొలుసే.
బల్ల పక్కన రెండు గుంటలు,
ఒకే మనిషి నిలబడి నిలబడి
మడమలతో తవ్వినవి.
నా కాళ్ళు పెట్టి చూశాను. చిన్నవి. ఆడమనిషివి.

ఇంకా కింద నార్వే దుంగలు.
సుత్తితో కొడితే కంచులా పలికాయి.
సముద్రం కట్ట దుంగల్ని మాత్రం
మా నాన్న కుర్రతనంలోనే పురుగు తొలిచేసింది.
వెచ్చటి సముద్రాలనుంచి
మా ఓడల పొట్టకే పట్టుకుని వచ్చిందంటారు.
మేం తెచ్చిన సరుకులన్నింటిలో
పద్దు రాయనిది అదొక్కటే.

పొద్దున వెళ్ళేసరికి గుంటలో మోకాటి లోతు నీళ్ళు.
తోడినన్నాళ్ళే నేల, అనేవాడు తాత.
ఆయన తోడాడు.

ఇటుకలు వెయ్యికి నాలుగు గిల్డర్లు.
కొన్నవాడు ఆమ్‌స్టర్‌డామ్ మనిషి,
అక్కడింకా ఎవరో కడుతున్నారట.
మంచిదన్నాను.
పడవ కదిలేముందు
నా విలాసం రాసిచ్చాను.