మియెరెస్ ఆసుపత్రి, రాత్రి డ్యూటీ

ఏడో గదిలో ఎలోయినాకు క్యాన్సర్.
ఆ మాట ఆమెతో ఎప్పుడో చెప్పేశారు గనక
యంత్రాలన్నీ వెళ్లిపోయాయి.
కిటికీ తెరిచి ఉంది, వాన వాసన.
నాలుక తడపడానికి దూదిలో రెండు చుక్కల ఆపిల్ కల్లు.
కూతురు చెప్పులు విప్పి, మంచమెక్కి, పక్కనే పడుకుంది.

తొమ్మిదిలో బెలార్మినో.
ముప్పై ఏళ్లు బొగ్గుగనిలో మింగిన నలుపు
ఊపిరితిత్తుల్లో రాయి అయింది.
ప్రతి చలికాలం వస్తాడు, దగ్గుతాడు, ఇంటికెళ్తాడు.
ఇది ఆఖరిదని ఎవరూ అనలేదు.
అందుకే గొంతులో గొట్టం, మణికట్లకు పట్టీలు,
నిమిషానికి పద్దెనిమిది అరువు ఊపిర్లు.

తెల్లవారుజామున రక్తం తీయబోతే
నా అరచేతిలో వేలితో ఏదో రాశాడు.
కిటికీ, అనుకుంటా.

ఆ గది కిటికీ తెరుచుకోదు.

రిజిస్టర్‌లో రాశాను:
పేషెంట్ నిలకడగా ఉన్నాడు.