మిట్టమధ్యాహ్నం బల్బు

ట్రాబ్‌జోన్‌లో మంగళవారం సంత మాది.
పొద్దున్నే వచ్చేవాళ్ళు ధర అడగరు.
చేయంత పొడుగు ఉల్లికాడలు సంచిలోకి దోపి
నోటు చేతిలో పెట్టి వెళ్ళిపోతారు.
నా ఇల్లు గడిచేది వాళ్ళతో.
నాకు పనితనం నేర్పింది మాత్రం
సాయంత్రం వచ్చేవాళ్ళు.

ముజెయ్యెన్ హనుమ్ సాయంత్రం మనిషి.
పంతొమ్మిదేళ్ళు.
మసీదులో పొద్దుగూకే పిలుపు ఆగి,
నేను టార్పాలిన్ కింద బల్బు వెలిగించాక
నజ్మీ చేపల బండి అవతల నుంచి
ముందు ఆమె గొడుగు వస్తుంది,
తర్వాత ఆమె.

నలభై అంటే నవ్వుతుంది.
ముప్ఫై అంటే పక్క కొట్టు వైపు తిరుగుతుంది.
ఇరవై ఎనిమిది అనేలోపు
నా ముదురాకు కేబేజీ మీద వడిలిన అంచు
వేలితో వెతికి పట్టుకుంటుంది.
"రేపటికి దీన్ని ఆవు కూడా తినదు, బెద్రీ."
ఇరవై అయిదు దగ్గర
ఇద్దరం అలసిపోతాం.
అప్పుడు కొసరు. గుప్పెడు కొత్తిమీర,
అది అడగడం కాదు, తీసుకోవడం.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను,
ఇన్నేళ్ళు నా దగ్గర మిగిల్చిందంతా ఏం చేశావని.
కరెంటు బిల్లు వెనక పెన్సిల్‌తో లెక్క రాసుకుంటూ
తల ఎత్తకుండానే అంది:
"వచ్చే మంగళవారానికి."

పోయిన నెల, ఎండ నిలువునా ఉన్న వేళ
ఆమె వచ్చింది.
గొడుగు లేదు. బేరం లేదు.
"కిలో" అంది.
నలభై అన్నాను, అలవాటుగా,
యుద్ధానికి సిద్ధపడుతూ.
ఆమె పర్సు తెరిచి
నోటు అంచు బొటనవేలితో రెండుసార్లు తడిమింది.
"ఇది ఇరవయ్యా, యాభయ్యా?"

నేను యాభై అన్నాను.
పది తిరిగి ఇచ్చాను.
ఆమె లెక్కపెట్టుకోలేదు.

ఆమె వెళ్ళాక నజ్మీ కత్తి తుడుచుకుంటూ చెప్పాడు:
"చీకటి పడితే ఇప్పుడామెకి ఏమీ ఆనడం లేదట.
మెట్ల మీద పడిందట కూడా."
ఆ వారమంతా నాకు
పదిహేను లీరాలు
గల్లాపెట్టెలో కాదు, గొంతులో ఉన్నాయి.

మళ్ళీ మంగళవారం,
పన్నెండు దాటాక, దూరాన
గోడ పట్టుకుని వస్తున్న ఆమె కనిపించింది.
ఏం చేస్తున్నానో నాకే తెలీదు.
టార్పాలిన్ నాలుగు వైపులా దించాను.
నల్లసముద్రం, ఎండ, సంత
అన్నీ బయట పడ్డాయి.
లోపల బల్బు వెలిగించాను.

ఆమె లోపలికి వచ్చి నిలబడింది.
పైకి చూసింది, పసుపు మసకలోకి.
చాలాసేపు.
"ఇది నలభై వెలుగు కాదు" అంది.
"ముప్ఫై" అన్నాను.
పక్క కొట్టు వైపు తిరిగింది,
అటు టార్పాలిన్ తప్ప ఏమీ లేకపోయినా.

ఇరవై మూడు దగ్గర ఆగాం.
పంతొమ్మిదేళ్ళలో అంత కిందికి
నన్ను ఎప్పుడూ లాగలేదు.
ఈలోగా టార్పాలిన్ సందులోంచి
బ్యాంకులో పనిచేసే అమ్మాయి తలపెట్టి
"నాకూ ఇరవై మూడేనా?" అంది.
ఆమె వెనక ఇంకో ముగ్గురు.
నజ్మీ పడీ పడీ నవ్వాడు.
ఏం చెయ్యను, బల్బు వెలిగే ఉంది కదా.

తూకంలో మాత్రం నేను మోసం చేశాను.
కాటా ముల్లు కిలో దాటి వంగినా
చూడనట్టు రెండు కాడలు ఎక్కువ వేశాను.

సంచి చేత్తో ఎత్తి
గాలిలో ఒకసారి ఆడించింది.
తర్వాత ఒక కాడ తీసి బల్ల మీద పెట్టింది.
ఇంకోటి తీసి పెట్టింది.
"నాకు కళ్ళు పోయాయి,
చేతులు పోలేదు."

అని, నా బుట్టలో చెయ్యి పెట్టి
గుప్పెడు కొత్తిమీర తీసుకుంది.