ఖాళీ గడి

ఆ రోజు బోర్డు మీద పాఠం పేరు రాయలేదు.
మేకల్ని తూచే కొక్కెం త్రాసు బల్ల మీద పెట్టి
"మీకేం తెలుసుకోవాలని ఉంది?" అన్నాను.
బయాన్‌ఖొంగోర్ బడిలో, ఏడో తరగతి గదిలో,
పొయ్యిలో బొగ్గు చిటపటమంది తప్ప
ఎవరూ నోరు విప్పలేదు.
అడగడం పెద్దల పని, చెప్పడం పిల్లల పని అనుకునేవాళ్ళు.
నేనూ అలా పెరిగినదాన్నే,
సూత్రాలు అప్పజెప్పి మార్కులు తెచ్చుకున్నదాన్ని.

చాలాసేపటికి నొమిన్ లేచింది:
"చలికాలం ఒక్కో మేకలో ఎంత తినేస్తుంది?"

ఇక నేను చెప్పాల్సింది పెద్దగా లేకపోయింది.

గడ్డి పండిన రోజుల్లో ఆ త్రాసు
గుడారం నుంచి గుడారానికి మోటారుసైకిలెక్కి తిరిగింది.
మేక తన్నిన తన్నుకి పెన్ను జారి
నాలుగు ఏడులా కనిపించే కాగితాలు.
"కాకిలెక్కలొద్దు, మళ్ళీ తూచు" అని
వాళ్ళలో వాళ్ళే కసురుకున్నారు.
చెవికి రంగుదారం, దారానికి ముడులు,
ఆ ముడులే మేక పేరు.

తర్వాత మంచు పడింది.
కరిగింది, గడ్డకట్టింది, మళ్ళీ పడింది.
అద్దం కింద బొమ్మలా గడ్డి
కంటికి ఆనింది, నోటికి అందలేదు.

ఏప్రిల్లో రెండో విడత కాగితాలొచ్చాయి.
పిల్లలు ఆడుకునే మడమ ఎముకలు తెచ్చి
నేల మీద గీత గీసి, కిలోకొక గడి చొప్పున పేర్చాం,
మేకకొక ఎముక.
శరత్తులో సగటు ముప్ఫై నాలుగు.
వసంతంలో ముప్ఫై రెండు.
"రెండు కిలోలేనా! చలికాలం మంచిదే పాపం" అన్నాడు తుముర్.
తరగతి చప్పట్లు కొట్టింది.

నాకు తెలుసు.
గొంతుదాకా వచ్చిన జవాబుని
ఉప్పు టీతో కలిపి మింగాను.
చెప్పేస్తే అది నా లెక్క అయిపోతుంది.

వెనక బెంచీలో, హాస్టల్లో ఉండే ఒచిర్,
చెయ్యెత్తలేదు, కాగితం ఎత్తాడు.
శరత్తు వరుసలో అరవై అంకెలు.
వసంతం వరుసలో నాలుగు.
మిగతావి ఖాళీ గడులు.
"వీటిల్లో సున్నా వెయ్యాలా, టీచర్?"

వెయ్యమన్నారు ఎవరో.
నొమిన్ ఒప్పుకోలేదు:
"సున్నా కిలోల మేక ఉండదు.
మేక లేకపోవడం బరువు కాదు."

"మా అమ్మకి బరువే" అన్నాడు ఒచిర్.

పొయ్యి ఆరిపోతున్నా ఎవరూ లేవలేదు.
అప్పుడు తుమురే, చప్పట్లు కొట్టించినవాడే,
బొగ్గుముక్క తీసుకుని నేల మీద కూర్చున్నాడు.
ముడులు చదువుతుంటే ఒక్కోటీ వెతికి
తిరిగిరాని మేకల ఎముకలకి మసి పూశాడు.
నలుపంతా ముప్ఫైకి ఇటువైపే పోగుపడింది.
అటు నలభై నాలుగు దగ్గర ఒంటరిగా ఒక్కటి.
అది తోడేలు పని అంది సరుల్. రాసుకున్నాం.
తెల్లగా మిగిలినవాటి శరత్తు సగటు కట్టారు:
ముప్ఫై తొమ్మిది.
అంటే బతికినవే ఏడేసి కిలోలు ఇచ్చుకున్నాయి.
చచ్చినవి మన లెక్కలోకే రాలేదు.

ఆ వారంలోనే పర్యవేక్షణకొచ్చిన అధికారి
నల్లటి అరచేతులు చూసి
ఇది పుస్తకంలో ఎన్నో పేజీ అన్నాడు.
వెతుకుతున్నామండీ అన్నాను.

సెప్టెంబరులో బడి గేటు దగ్గర
ఒచిర్ వాళ్ళ నాన్న, టోపీ చేతిలో పట్టుకుని.
"మావాడంటాడూ, ముప్ఫైకి దిగువున్నవాటికి
మంచు రాకముందే ఎండుగడ్డి వేరుగా పెట్టాలని.
బతుకుతాయంటారా?"

తెలీదన్నాను.
"ఈ ఏడు చూద్దాం."

కొక్కేనికి పట్టిన తుప్పు కొంగుతో తుడవబోయి
కొంగు లేదని గుర్తొచ్చినట్టు నవ్వకండి,
కోటు చేతితోనే తుడిచాను.
త్రాసు ఆయన చేతికిచ్చాను.