తీగ పక్క తిరిగిన రాత్రి

నా లెక్క ప్రకారం
మీటరు తీగ మీద తొమ్మిది కిలోల మంచు.
మార్చి పదకొండు, తెల్లవారకముందు
రెండు గంటల నలభై నిమిషాలకి
లోడ్ సెల్ పంపిన చివరి అంకె
ఇరవై రెండు.
ఆ తర్వాత తెర మీద గీత, గీతలాగే ఉండిపోయింది.

ఐస్‌లాండ్ ఉత్తరాన, స్కుగ్గాహ్లీద్ బయలు మీద
నాలుగు వందల మీటర్ల తీగ
నేలన పడి ఉంది,
తెల్లగా, తొడంత లావున.
తెగిన చోట అల్యూమినియం పోగులు
చీపురు పుల్లల్లా విచ్చుకున్నాయి.
కింద లోయలో మూడు ఊళ్ళు
మూడు రాత్రులు కొవ్వొత్తులు లెక్కపెట్టుకున్నాయి.

గాలి వేగం సరిగ్గానే తీసుకున్నాను.
చినుకు బరువు, మబ్బులో తేమ, మైనస్ ఒక డిగ్రీ,
ఎండకి సాగే తీగ, చలికి బిగిసే తీగ,
రెండు టవర్ల మధ్య దాని వేలాటకి
హైపర్బోలిక్ కొసైను.
రాత్రంతా వెతికాను.
ఎక్కడా తప్పు లేదు, తీగ తెగడం తప్ప.

కేటిల్ గొర్రెల కొట్టంలోకి వెళ్ళింది
వేడి కాఫీ కోసమే, పరిశోధనకి కాదు.
తలుపు వెనక మేకుకి
గుత్తులు గుత్తులుగా ఉన్ని దారాలు.
బూడిదరంగువి, గోధుమవి, నల్లవి.
"మా అమ్మవి" అన్నాడు.
"మంచు పట్టినప్పుడల్లా
కంచె తీగ చుట్టూ దారం చుట్టి
కలిసిన చోట తెంపేది."
ఎందుకట?
"అడగలేదు. ఆ చలిలో
గుద్‌లాగ్‌ని ప్రశ్నలు వేసే ధైర్యం ఎవడికుంది!"

ఒక్కో గుత్తిలో రెండేసి దారాలు.
ఒక ముడి వేసింది జానెడు.
రెండు ముళ్ళు వేసింది మూరెడు.
అదే తీగ. అదే రాత్రి. అదే గాలి.

"ఒక ముడి, రాట పక్కది.
రెండు ముళ్ళు, రాటల నడిమిది."

కాఫీ చల్లారిపోయింది.

రాట దగ్గర తీగ బిర్రుగా ఉంటుంది.
మంచు గాలివైపే పేరుకుంటుంది,
రెక్కలా పెరిగి, బరువాగక రాలుతుంది.
నడిమి తీగకి ఆ పట్టు లేదు.
ఒకవైపు బరువెక్కగానే
నిద్రలో మనిషిలా మెల్లగా పక్క తిరుగుతుంది,
పొడి వీపుని గాలికి అప్పగిస్తుంది.
గాలి దానికీ మంచు తొడుగుతుంది.
మళ్ళీ తిరుగుతుంది.

నా సమీకరణంలో తీగ
రాత్రంతా కళ్ళు తెరుచుకుని
వెల్లకిలా పడుకుని ఉంది.

నూట పదమూడు దారాలు స్కేలు పెట్టి కొలిచాను.
చుట్టుకొలతని పైతో భాగిస్తే వ్యాసం,
వ్యాసం నుంచి బరువు.
ఒక దారం చిక్కుపడి ఉంది.
"అది వదిలెయ్ స్టేన్‌వర్, నాన్న పోయిన ఏటిది" అన్నాడు.
వదిలేశాను.

ఒక్క పదం చేర్చాను: మెలి.
జవాబు ఇరవై ఒకటి వచ్చింది.
ఆ మిగిలిన ఒక్క కిలో
ఇప్పటికీ నాతో మాట్లాడదు.

రేక్యవిక్‌లో బ్రాండుర్ కళ్ళజోడు తీసి అడిగాడు:
"దారం ఒక ఆధారమా?"
నడుమ ఇంకో టవరు కావాలన్నాను,
తీగ మెలి తిరక్కుండా బరువు గుండ్లు కావాలన్నాను.
నవ్వాడు. సంతకం పెట్టాడు.
పత్రం చివర, మూలాల జాబితాలో
ఇలా రాశాను:
గుద్‌లాగ్, కొట్టం తలుపు వెనక, రెండో మేకు.

కేటిల్ గడ్డి బీట్లో టవరు లేచింది.
గొర్రెలు దాని కాళ్ళకి వీపు రుద్దుకుంటున్నాయి.

ఈ చలికాలం మంచు పట్టలేదు.
లోయలో అందరూ దేవుడికి దండం పెట్టుకుంటున్నారు.
నేనూ పెట్టాను.
కానీ రాత్రి గాలి తిరిగినప్పుడల్లా లేచి,
కిటికీ తెర తొలగించి
తీగ వైపు చూస్తాను.
ఒక్క రాత్రి, ఒక్క రాత్రి చాలు,
లెక్క సరిచూసుకోడానికి.

ఆ మాట కేటిల్‌తో అనలేదు.
నా జేబులో మాత్రం
తెంపని ఉన్ని ఉండ ఒకటి ఉంది.