సున్నా చెల్లదు

అక్రా నుంచి సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌లో వచ్చింది,
బిస్కెట్ డబ్బాలో పెట్టి బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపారు.
తకొరాడి రేవు మీద ఎడారి దుమ్ము మోసుకుని
హర్మటాన్ గాలి దిగిన వారం అది.
కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కి
త్రాసు గదిలో ఇద్దరమే కూర్చున్నాం,
నేనూ, క్వెగిర్ గారూ.

మొదటి తెర మర్యాదగానే పలకరించింది.
ల్యాబు పేరు. ఊరు. గది ఎంత చల్లన.
రెండో తెర నుంచి ఆరాలు మొదలు,
అప్పిచ్చే ముందు షావుకారు అడిగినట్టు:
గాలి బరువెంత?
ఈ రాయిని ఆఖరిసారి తూచిందెవరు?
వాళ్ల మాట ఎంతవరకు నమ్మొచ్చు?
ఒక్కో సందేహానికీ ఒక్కో వరస.
కింద ఖాళీ వరసలు ఇంకా ఉన్నాయి,
మర్చిపోయినవి గుర్తొస్తే రాసుకోమని.

ఏడో వరస: తూచే మనిషి.
క్వెగిర్ గారు ముందుకు వంగి
చూపుడువేలితో సున్నా కొట్టారు.
గడి ఎర్రబడింది.
సున్నా చెల్లదు, అంది.

ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ చుట్టుపక్కల
కోకో తూచే ప్రతి కాటా వెనకా ఆ చెయ్యుంది.
ఆయన పటకారుతో రాయిని ఎత్తితే
నిద్రపోతున్న పిల్లని పక్క మార్చినట్టుంటుంది.
"నా చెయ్యి తప్పంటోందా ఇది?"
తప్పని కాదండీ, అన్నాను,
ఊగుతుందంటోంది. ఎంతో చెప్పమంటోంది.
ఆ మాట ఇంకా అన్యాయంగా వినిపించింది, నాకే.

పదిసార్లు తూచాలి.
కిలో రాయి ఎక్కింది, దిగింది.
చివరి అంకె కుదురుకునేదాకా ఊపిరి బిగపట్టడం.
ఏడోసారికి కరెంటు పోయింది.
జనరేటర్ దగ్గి, మానేసి, మళ్లీ దగ్గి అందుకునేసరికి
గది రెండు డిగ్రీలు వేడెక్కింది.
అన్నీ కొట్టేశాం.
చల్లబడేదాకా బయట వేరుశనక్కాయలు తిని,
చేతులు కడుక్కుని, మళ్లీ ఒకటి నుంచి.

ఆయన పది అంకెలూ ఒకే గూటి పిట్టలు.
తర్వాత నేను తూచాను.
నావి చెదిరాయి, ఆయనకి మూడింతలు.
ఆ అంకె నా పేరు పక్కన నేనే టైపు చేశాను.
గడి పచ్చబడింది. తిట్టలేదు, మెచ్చుకోలేదు.

అప్పుడు లేచి సొరుగు తాళం తీశారు.
అట్ట ఊడిన పద్దుపుస్తకం.
తారీఖు, కాటా నంబరు, కొన్నిచోట్ల పక్కన
పెన్సిల్‌తో ఒక చుక్క.
"ఆ రోజు నమ్మకం చాల్లేదు.
'సరిగా ఉన్నది' అని సర్టిఫికెట్ అచ్చయ్యే వచ్చేది,
వేరే మాటకి చోటు లేదు.
అక్కడ సంతకం పెట్టి, ఇక్కడ చుక్క పెట్టుకునేవాణ్ణి."
లెక్కపెట్టాను. నాలుగు వందల పన్నెండు.
ఎక్కువ డిసెంబరూ జనవరీ.
దుమ్ముకి కొత్త వరస ఒకటి తెరిచాం.

శుక్రవారం మొదటి గిరాకీ:
టార్క్వా నుంచి కోకో కొనే గుమాస్తా ఎసిల్‌ఫీ,
ఇనప రాయి భుజాన మోసుకొచ్చాడు.
కాగితం వెలుతురుకి పట్టి చదివాడు:
ఇరవై కిలోలు, మూడు వందల మిల్లీగ్రాములు అటూ ఇటూ.
"అటా, ఇటా?
పోయినేడు ఇరవై అంటే ఇరవయ్యేగా!
రైతు అడిగితే ఏం చెప్పను?"

క్వెగిర్ గారు కళ్లద్దాలు తుడుచుకున్నారు.
"పోయినేడు నీకు తక్కువ చెప్పాను," అన్నారు.

ఫీజు దగ్గర మాత్రం అటూ ఇటూ లేదేం, అని
గొణుక్కుంటూ రాయి ఎత్తుకున్నాడు ఎసిల్‌ఫీ.
తలుపు మూసుకుంది.
ఆ గాలికి
ఖాళీ పళ్లెం మీద చివరి అంకె
ఒకటి, సున్నా, ఒకటి.